‘మీ కార్డు మొదటి ఆరు అంకెలు ఇవే కదా సార్?’

గత సంచికలో ఈ పేజీ అడుగున ఒక చిన్న మాట వేశాం. క్రెడిట్ కార్డు మోసాల గురించి మీ అనుభవాలు, అనుమానాలు రాయండి అని. పదో పదిహేనో ఉత్తరాలు వస్తాయనుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద అరవై పైనే ఉన్నాయి. వాటిలో సగానికి సగం ఒకే వాక్యంతో ముగుస్తున్నాయి: ‘మా ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలియదు, నా పేరు వేయకండి.’

ఎవరి పేరూ వేయడం లేదు. కానీ ఆ వాక్యం నన్ను బాధపెట్టింది. ఎందుకో ఆఖరి ఉత్తరానికి జవాబు రాస్తూ చెబుతాను.

నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో, కార్డు ఫిర్యాదులు చూసే విభాగంలో. ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

తెనాలి నుంచి ఒక వ్యాపారి

*‘మేడమ్ గారికి నమస్కారం. నాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. శ్రావణ మాసం, కొట్టు నిండా జనం. కార్డు డిపార్ట్‌మెంట్ నుంచి అని ఫోన్ వచ్చింది. చక్కటి తెలుగు. నా పేరు, నా కార్డు మొదటి ఆరు అంకెలు వాడే చెప్పాడు. 9,800 రూపాయల రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో పోతాయి, మిగతా అంకెలు మీరు చెబితే మ్యాచ్ చేసుకుంటాను అన్నాడు. చెప్పాను. మెసేజ్‌లో వచ్చిన నంబరూ చెప్పాను. 48,700 రూపాయలు పోయాయి. నా కార్డు నంబరు వాడికి ఎలా తెలిసింది? బ్యాంకువాళ్లే అమ్ముకున్నారా?’*

ముందు ఆ ఆరు అంకెల సంగతి చెప్పాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది సరిగ్గా అక్కడే పడిపోయారు.

మీ కొట్టు పక్కాయన దగ్గర కూడా అదే బ్యాంకు, అదే రకం కార్డు ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఆరు అంకెలు చాలావరకు ఒక్కటిగానే ఉంటాయి. ఆ అంకెలు మీవి కావు, బ్యాంకువి. మొదటి అంకె 4 అయితే వీసా. 5 అయితే చాలావరకు మాస్టర్‌కార్డ్. ఆ తర్వాతివి ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అనేది చెబుతాయి. ఆ రకం కార్డు తీసుకున్న లక్షల మందికి అవే అంకెలు. మీ ఊరి పిన్‌కోడ్ 522201. ఎవరో ఫోన్ చేసి ఆ ఆరు అంకెలు చెబితే వాడికి మీ ఇల్లు తెలుసని నమ్ముతారా? ఇదీ అంతే. వాడికి తెలిసింది పిన్‌కోడ్ లాంటిది. ఇంటి నంబరు మీరు చెప్పారు.

మీ పేరు, ఫోన్ నంబరు, మీకు ఫలానా బ్యాంకు కార్డు ఉందన్న సంగతి, ఈ మూడూ దొరకడం కష్టం కాదు. షాపింగ్ మాల్ గుమ్మంలో లక్కీ డ్రా చీటీ నింపుతాం. లోన్ ఇప్పిస్తానన్న ఏజెంటుకు జిరాక్సులు ఇస్తాం, లోన్ రాకపోయినా జిరాక్సులు వెనక్కి అడగం. ఏదో వెబ్‌సైట్‌లో వివరాలు ఇస్తాం, అక్కడి నుంచి జాబితాలు బయటికి పోతాయి. బ్యాంకు లోపలివాళ్లు తప్పు చేసిన సందర్భాలు లేవని నేను అనను. కానీ మీ విషయంలో జరిగింది చూస్తే, మీ పూర్తి నంబరే వాడి దగ్గర ఉంటే మిగతా పది అంకెలు మిమ్మల్ని అడిగేవాడు కాదు.

మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నంతసేపూ అవతల వాడు ఊరికే వినడం లేదు. ఏదో ఆన్‌లైన్ షాపులోనో, వాలెట్‌లోనో 48,700 రూపాయల బిల్లు ముందే సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. మీరు పది అంకెలు చెప్పగానే కొట్టాడు. కార్డు ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ నెల, సంవత్సరం అడిగి కొట్టాడు. వెనకవైపున్న మూడు అంకెల సీవీవీ కూడా అడిగే ఉంటాడు, మీరు రాయడం మరిచిపోయి ఉంటారు. ఆ మూడు అంకెలు, ఓటీపీ మాత్రం వాడికి మీ నోటి నుంచే రావాలి. అందుకే అంత తియ్యటి మాటలు.

ఆ ఓటీపీ మెసేజ్ ఇంకా మీ ఫోన్‌లో ఉంటే ఇప్పుడు నిదానంగా చదవండి. అందులో ఎంత మొత్తమో, ఏ షాపుకి వెళ్తోందో రాసి ఉంటుంది. ఫోన్ చెవి దగ్గర ఉండగా, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉండగా, మన కళ్లు ఆ ఆరంకెల నంబరు ఒక్కదాన్నే ఏరుకుంటాయి. ‘అది రిడెంప్షన్ కోడ్ సార్, త్వరగా, టైమ్ అయిపోతోంది’ అంటాడు. అందుకే ఒక్క పని అలవాటు చేసుకోండి. ఓటీపీ మెసేజ్ వస్తే నంబరు సంగతి తర్వాత, ముందు రూపాయలు ఎంత అని ఉందో చూడండి. మీకు డబ్బో పాయింట్లో రావాల్సి ఉంటే దానికోసం ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పనక్కర్లేదు. చెప్పమన్నాడంటే డబ్బు మీ వైపు నుంచే వెళ్తోంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. కార్డు మోసం జరిగితే నష్టం ఎవరు భరించాలో అందులో స్పష్టంగా ఉంది. ఖాతాదారు తానే వివరాలు, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసే క్షణం వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. ఫిర్యాదు చేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. మీ 48,700 మొదటి రకంలోకి వస్తుంది. బ్యాంకు తన ఇష్టంతో ఉపశమనం ఇవ్వొచ్చు, కానీ హక్కుగా అడగడం కష్టం.

అంతమాత్రాన ఊరుకోకండి. మీరు ఎంతసేపటికి ఫిర్యాదు చేశారో ఉత్తరంలో రాయలేదు. ఇలాంటి డబ్బుతో వాళ్లు ఎక్కువగా గిఫ్ట్ వోచర్లు కొంటారు, వాలెట్‌లో వేస్తారు, ఖరీదైన ఫోన్లు ఆర్డర్ పెడతారు. వోచర్ వాడేలోపు, పార్శిల్ బయల్దేరేలోపు కబురు అందితే ఆపే వీలుంది. మా విభాగంలో అరగంటలో ఫోన్ చేసినవాళ్ల డబ్బు వెనక్కి రావడం నా కళ్లతో చూశాను. మర్నాడు వచ్చినవాళ్లకు అలా జరగడం అరుదు. 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ సైబర్ మోసాల నంబరు. మీరు చెప్పిన వివరాలు పోలీసులకు, బ్యాంకులకు, వాలెట్ కంపెనీలకు చేరతాయి, డబ్బు ఎక్కడ చిక్కితే అక్కడ ఆపుతారు. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఆలస్యమైనా సరే చేయండి. ఎక్కడైనా ఆ డబ్బు ఆగి ఉంటే కోర్టు ఉత్తర్వుతో తిరిగి ఇప్పించే దారి ఉంది. ఫిర్యాదు నంబరు లేకపోతే ఆ దారి కూడా ఉండదు.

ఇంకో చిన్న సంగతి. లావాదేవీల విషయంలో ఖాతాదారులకు చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి ‘కార్డు డిపార్ట్‌మెంట్’ అంటే అక్కడే అనుమానించండి. 1600 నుంచి వచ్చినా ఓటీపీ మాత్రం చెప్పకండి. ఏ నిజమైన బ్యాంకు ఉద్యోగికీ దానితో పని లేదు. 31 ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

ఖమ్మం నుంచి ఒక గృహిణి

*‘మా వారి వాట్సాప్‌కి తెలిసినవాళ్ల నంబరు నుంచే పెళ్లి శుభలేఖ వచ్చింది. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది కానీ శుభలేఖ కనపడలేదు. మూడో నాడు రాత్రి రెండు గంటలకు క్రెడిట్ కార్డు మీద 31,500, వెంటనే ఇంకో 22,000 పోయాయి. ఓటీపీ మేము ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాం. “ఓటీపీ కరెక్టుగా పడింది కాబట్టి మీరే చేసినట్టు” అంటున్నారు. బిల్లు మొత్తం కట్టేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.’*

అమ్మా, మీ పరిస్థితి తెనాలి వారి పరిస్థితి ఒకటి కాదు. మీరు గట్టిగా నిలబడాల్సిన చోటు ఇది.

వచ్చింది శుభలేఖ కాదు. దాని పేరు చివర ఏపీకే అని ఉండి ఉంటుంది. అంటే అది ఫోటో కాదు, ఒక యాప్. పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని, ప్రభుత్వ పథకం అని రకరకాల పేర్లతో పంపుతారు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ‘మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇవ్వండి’ అని అడుగుతుంది. మనం అలవాటుగా ‘అలో’ నొక్కేస్తాం. ఇక ఆ ఫోన్‌కి వచ్చే ప్రతి ఓటీపీ మీకన్నా ముందు వాళ్లు చదువుతారు. రాత్రి రెండు గంటలు ఎంచుకున్నది మీరు మెసేజ్ చూడకూడదనే. కార్డు నంబరు ఎలా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. మీ వారి ఫోన్ గ్యాలరీలో కార్డు ఫోటో ఉందేమో చూడండి. పిల్లలకు పంపడానికని రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. లేదా ఆ యాపే బ్యాంకు పేజీలా కనిపించి వివరాలు అడిగి ఉంటుంది.

ఆ శుభలేఖ పంపిన తెలిసినవాళ్లకు ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు కావాలని పంపలేదు. వాళ్ల ఫోన్‌లో కూడా అదే చేరి, వాళ్ల నంబర్లన్నింటికీ తనంతట తాను పంపుకుంటూ పోతోంది.

మీ వారి ఫోన్‌లో ముందు ఇంటర్నెట్ ఆపేయండి. ముఖ్యమైన ఫోటోలు తీసి పెట్టుకుని, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, పిన్‌లు ఇంకో ఫోన్ నుంచి మార్చండి. అదే ఫోన్‌లో మార్చితే కొత్తవీ వాళ్లకే చేరతాయి. మీరు కార్డు ఆపించారు కానీ ఆ యాప్ ఇంకా ఫోన్‌లోనే ఉంటే సేవింగ్స్ ఖాతాకూ ప్రమాదమే.

ఇక బ్యాంకు మాట. ‘ఓటీపీ పడింది కాబట్టి మీరే చేశారు’ అనడంతో వాళ్ల బాధ్యత తీరదు. అదే 2017 సర్క్యులర్‌లో ఖాతాదారు తప్పు ఉందని నిరూపించే భారం బ్యాంకుదేనని రాసి ఉంది. తప్పు బ్యాంకుది కాక, ఖాతాదారుది కాక, మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాళ్ల మీద ఒక్క రూపాయి కూడా పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, కార్డు లిమిట్ 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించి లిమిట్ ఉంటే 25,000 వరకు పడొచ్చు. ఏడు దాటితే ఆ బ్యాంకు సొంత పాలసీ ఏం చెబితే అది.

రోజులు ఎలా లెక్కపెట్టాలో కూడా చెబుతాను, చాలామంది ఇక్కడ తప్పు పోతారు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం మెసేజ్ వచ్చిందనుకోండి. మర్నాడు రెండో శనివారం, సెలవు. ఆదివారం సెలవు. సోమ, మంగళ, బుధ, ఇవీ మీ మూడు రోజులు. మీరు తెల్లవారగానే చెప్పారు కాబట్టి మీకు ఈ గొడవే లేదు.

బ్యాంకు మీది ‘నిర్లక్ష్యం’ అని వాదిస్తుంది, యాప్ మీరే వేసుకున్నారు కదా అంటుంది. అప్పుడు ఈ సంగతి గుర్తు చేయండి. అస్సాంలో ఒకాయన ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వెనక్కి ఇవ్వాలనుకున్నాడు. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసినవాడు ఒక యాప్ వేయించాడు. ఖాతాలోంచి 94,204 రూపాయలు పోయాయి. ఆయన 24 గంటల్లో ఫిర్యాదు చేశాడు. ఓటీపీ చెప్పలేదన్నాడు. బ్యాంకు ఒప్పుకోలేదు. గువాహటి హైకోర్టు బ్యాంకే ఇవ్వాలని చెప్పింది. బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 జనవరిలో అక్కడా ఆయన వైపే తీర్పు నిలిచింది. ప్రతి కేసూ అలాగే ముగుస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ కథ ఆయన కథకు చాలా దగ్గరగా ఉంది.

నోటి మాట చాలదు. కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా ఈమెయిల్ చేయండి. లావాదేవీల తేదీ, సమయం, మొత్తం. మీరు ఫోన్ చేసిన సమయం. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు. 1930 ఫిర్యాదు నంబరు. ‘ఈ రెండు లావాదేవీలు మోసంగా వివాదంలో ఉన్నాయి’ అని స్పష్టంగా రాయండి. మీరు ఫిర్యాదు చేసిన పది పనిదినాల్లోపు బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ కార్డు ఖాతాలో తిరిగి వేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. మోసం అని మీరు చెప్పిన మొత్తం మీద, అది తేలేదాకా చార్జీలు వేయకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కార్డుల మార్గదర్శకాల్లో ఉంది. కాబట్టి ఆ 53,500 పక్కన పెట్టి, మీరు నిజంగా వాడుకున్న మిగతా బిల్లు మాత్రం గడువులోపు కట్టేయండి. కోపంతో మొత్తం ఆపేయకండి. అలా ఆపితే మీ సొంత ఖర్చు మీద వడ్డీ పడుతుంది, సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీరుస్తారో చూపే మార్కు, దెబ్బతింటుంది.

30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్. డబ్బు కట్టనక్కర్లేదు, లాయరు అవసరం లేదు. వెళ్లడానికి వెనకాడకండి. బ్యాంకులో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అంబుడ్స్‌మన్ నుంచి ఉత్తరం వచ్చిన ఫైలు అందరికంటే ముందు తెరుచుకునేది.

మాదాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

*‘అర్ధరాత్రి నా కార్డు మీద 2 డాలర్లు, పది నిమిషాల తర్వాత 190 డాలర్లు కట్ అయ్యాయి. ఓటీపీ రానేలేదు. ఓటీపీ లేకుండా ఎలా సాధ్యం? నేను ఏ లింకూ నొక్కలేదు.’*

మన దేశంలో ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తాళం, అంటే ఓటీపీ లాంటిది, తప్పనిసరి అనే నియమం 2009 ఆగస్టు నుంచి ఉంది. విదేశీ వెబ్‌సైట్లలో చాలావరకు దాన్ని అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, కొన్ని చోట్ల సీవీవీ కూడా అక్కర్లేదు. మీరు ఎప్పుడో సబ్‌స్క్రిప్షన్ కోసం నంబరు ఇచ్చిన ఏదో విదేశీ సైట్ నుంచి అది బయటికి పోయి ఉంటుంది. ఇక్కడి షాపులు మన కార్డు నంబరు దాచుకోకూడదని, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరుకు మారుగా ఇచ్చే కోడ్, వాడాలని 2022 అక్టోబర్ 1 నుంచి నియమం వచ్చింది. బయటి దేశాల సైట్లకు అది వర్తించదు.

ఆ 2 డాలర్లు కార్డు బతికే ఉందో లేదో చూడటానికి. చిన్న మొత్తం కదా అని వదిలేస్తే పెద్దది వస్తుంది, మీకు వచ్చినట్టే. తెలియని చోట రూపాయి కట్ అయినా కార్డు వెంటనే ఆపించండి.

మీ బ్యాంకు యాప్ తెరవండి. అందులో ‘అంతర్జాతీయ’, ‘ఆన్‌లైన్’, ‘ట్యాప్’ అని వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెప్పించిన ఏర్పాటు ఇది. నా ఉద్దేశంలో కార్డుదారులకు ఇంత మేలు చేసిన నియమం ఇంకొకటి లేదు, కానీ వాడేవాళ్లు తక్కువ. విదేశీ వాడకం ఇప్పుడే ఆపేయండి. అవసరమైన రోజు అయిదు నిమిషాలు తెరిచి, మళ్లీ మూసేయండి. ఈ కార్డు రద్దు చేసి కొత్త నంబరుతో తీసుకోండి. మూడు పనిదినాల్లో చెప్పి ఉంటే మీ మీద ఏమీ పడకూడదు, పైన ఖమ్మం వారికి రాసిన నియమం మీకూ అంతే.

వరంగల్ నుంచి ఒక విద్యార్థి

*‘బస్సులో ఎవరైనా మెషిన్ నా జేబుకి ఆనించి డబ్బు తీసేయగలరా? వీడియోలో చూశాను.’*

పిన్ లేకుండా ట్యాప్ చేసే పరిమితి ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయలు. మెషిన్ నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. ఆ మెషిన్ ఎవరిదో బ్యాంకు రికార్డుల్లో ఉంటుంది కాబట్టి దొంగకు అది లాభసాటి పని కాదు. నా తొమ్మిదేళ్లలో అలాంటి ఫిర్యాదు ఒక్కటీ చూడలేదు. భయంగా ఉంటే ట్యాప్ స్విచ్ ఆపేయండి. మీ భయాన్ని కార్డు మీ కళ్ల ముందు నుంచి దాటి వెళ్లే చోటికి మళ్లించండి: హోటల్లో, పెట్రోల్ బంకులో ‘మెషిన్ ఇక్కడికి తెండి’ అని అడగండి. ముందూ వెనకా ఒక ఫోటో తీస్తే చాలు, మాదాపూర్ అబ్బాయికి జరిగింది మీకూ జరుగుతుంది.

అనంతపురం నుంచి ఒక కూతురు

*‘నాన్న ఆర్టీసీలో పనిచేసి రిటైర్ అయ్యారు. కొరియర్ అడ్రస్ తప్పుగా ఉంది, 5 రూపాయలు కడితే సరిచేస్తాం అని మెసేజ్ వస్తే లింక్ నొక్కి కార్డు వివరాలు, ఓటీపీ కొట్టారు. 27,300 పోయాయి. వారం నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు, సరిగా తినడం లేదు. నాకు కూడా చెప్పలేదు, ఫోన్‌లో మెసేజ్ చూసి తెలుసుకున్నాను. ఫిర్యాదు చేద్దామంటే “ఊళ్లో పరువు పోతుంది, వదిలేయ్” అంటున్నారు. ఏం చేయాలి?’*

ఈ ఉత్తరం ఈమెయిల్‌లో వచ్చింది. చదివిన వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, పత్రిక వచ్చేదాకా ఆగగలిగిన విషయం కాదు. ‘కార్డు ఆపించారా?’ అని అడిగాను. లేదంది. వారం రోజులుగా నాన్నగారి కార్డు వివరాలు దొంగల చేతిలో ఉన్నాయి, కార్డు తెరిచే ఉంది.

మా పెద్ద బావగారి సంగతి చెబుతాను. అప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను, అదే విభాగంలో. ఆయనకు ‘లిమిట్ పెంచుతాం’ అని ఫోన్ వచ్చింది. ఓటీపీ చెప్పారు. 18,000 పోయాయి. ఫోన్ పెట్టేసిన నిమిషంలోనే మోసమని ఆయనకు అర్థమైంది. మరదలు ఇదే పని చూస్తుంది, ఆమెకు ఏ మొహంతో చెప్పను అనుకున్నారు. అక్కకూ చెప్పలేదు. తొమ్మిది రోజులు లోపల్లోపలే కుమిలిపోయారు. అంతకుముందు ఏడాది డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు దగ్గరికి వెళ్లొచ్చారు, ఆ కార్డు మీద విదేశీ వాడకం తెరిచే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో ఓటీపీ అడగని సైట్లలో మూడుసార్లు, మొత్తం 64,000 లాగేశారు. బిల్లు వచ్చాక అక్క చూసి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

మొదటి గంటలో ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ 64,000 ఆయనవి కావు. ఫిర్యాదు తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని పైన రాశాను కదా. ఆ నియమం చదివి ఆయనకు వినిపించాల్సిన పని నా మీద పడింది. ఆయన ఏమీ అనలేదు. చీటీ పాడి డబ్బు కట్టారు. ‘నిన్ను అడగడానికే సిగ్గుపడ్డానమ్మా’ అన్నారు ఒకరోజు. ఆ మాట మరిచిపోలేను. ఈ పేజీ రాయడానికి ఒప్పుకున్నది ఆ మాట వల్లే.

పరువు పోతుందనే నాన్నగారికి ఒక విషయం చెప్పమన్నాను. మా విభాగానికి ఫోన్ చేసి ఏడ్చినవాళ్లలో డాక్టర్లున్నారు, లెక్కల లెక్చరర్లున్నారు, ఒక రిటైర్డ్ పోలీసాయన ఉన్నారు, బ్యాంకు మేనేజర్లూ ఉన్నారు. ఆ లింక్ తయారుచేసేవాళ్లకు రోజంతా అదే పని. ఆ పేజీలో 5 రూపాయలు అని ఉంటుంది, వెనకాల బిల్లు 27,300కి పెడతారు. ఓటీపీ మెసేజ్‌లో అసలు మొత్తం ఉంటుంది కానీ పేజీలో చూసిన 5 రూపాయలే మనసులో ఉంటుంది.

నేను ఫోన్‌లో ఉండగానే ఆ అమ్మాయి కార్డు వెనకవైపున్న నంబరుకు వేరే ఫోన్ నుంచి చేసి కార్డు ఆపించింది. గూగుల్‌లో వెతికి కనిపించిన నంబరుకు మాత్రం చేయవద్దని ముందే చెప్పాను. అక్కడ దొంగలు పెట్టిన కస్టమర్ కేర్ నంబర్లు కూడా ఉంటాయి, ఒకసారి పోగొట్టుకున్నవాళ్లను రెండోసారి దోచేది అలాగే. మర్నాడు ఉదయం 1930కి చేసింది. బ్యాంకుకు ఈమెయిల్ రాయడంలో నేను సాయం చేశాను. జరిగింది జరిగినట్టే రాయించాను, ఓటీపీ కొట్టిన మాటతో సహా. అబద్ధం రాస్తే బ్యాంకు రికార్డుల్లో మొదటి రోజే బయటపడుతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

27,300 మొత్తం వస్తుందని ఆమెకు నేను మాటివ్వలేదు. ఆపించేలోపు ఇంకే లావాదేవీ జరగలేదు, అది మాత్రం చూశాం. రెండో రోజు సాయంత్రం ఆమె మళ్లీ ఫోన్ చేసి, నాన్న మాట్లాడతారట అంది. పెద్దాయన ఫోన్ తీసుకుని, తమతో పాటు డిపోలో పనిచేసిన ఇద్దరికి కూడా అదే కొరియర్ మెసేజ్ వచ్చిందని, వాళ్లకు నొక్కవద్దని తానే ఫోన్ చేసి చెప్పానని అన్నారు. తనకు జరిగింది కూడా చెప్పారట.

బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చాక ఏం రాశారో ఇదే పేజీలో వేస్తాను.